మన్నూబియా ముక్కు

ట్యూనిస్,
9 నవంబరు 1982

అక్కా,

పరీక్ష కాగితం వచ్చింది. ఇలాంటి కాగితం వచ్చినప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో నీకు తెలుసు. రోగికి తప్ప ఇంట్లో అందరికీ చెప్తారు. "గొంతులో చిన్న పుండు, మాత్రలు వేసుకుంటే పోతుంది" అని మంచం దగ్గర నవ్వి, వంటింట్లోకి వెళ్లి ఏడుస్తారు. నీకూ అలాగే చెప్పమని ముల్దీ రెండు రోజులుగా నా ప్రాణం తోడేస్తున్నాడు. "మీ అక్క భయంతోనే చచ్చిపోతుందే" అంటాడు. పెళ్లయి ఇరవై ఏళ్లయినా నీ మరిదికి నీ సంగతి అర్థం కాలేదు. మొన్న బండెక్కేముందు నా చెయ్యి పట్టుకుని ఏమన్నావు? "నా వెనక నా రోగం గురించి గుసగుసలాడారని తెలిస్తే నీ జుట్టు పీకేస్తా" అన్నావు. నాకు నలభై ఆరేళ్లొచ్చాయి. ఉన్న నాలుగు వెంట్రుకలూ కాపాడుకోవాలి కదా.

క్యాన్సరే అక్కా. గొంతులో, సరిగ్గా మాట పుట్టే చోట.

మందులతో తగ్గే దశ దాటిపోయిందట. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలట. మెడ కింద గుంట ఉంటుంది చూడు, అక్కడ రంధ్రం పెడతారు. ఇక ఊపిరి దానిలోంచే. తిండి నోటితోనే తింటావు, కాఫీ నోటితోనే తాగుతావు. మాట మాత్రం రాదు. కొన్నాళ్లు కాదు, ఎప్పటికీ రాదు. వద్దంటే ఎన్నాళ్లుంటుందని అడిగాను. "నారింజ పూత చూస్తుందేమో. కాయ చూడదు" అన్నాడు డాక్టరు. ఆయనా మన వైపు వాడే, అందుకే అలా చెప్పాడు.

ఇంట్లో సిగరెట్టు ఎవరు కాలుస్తారని కూడా అడిగాడు. కట్టెల కొట్టంలో నువ్వు ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని నేను చెప్పలేదు. పోయిన నాన్న మీద తోసేశాను. నాన్న ఏమీ అనుకోడులే.

నేను పనిచేసే ఆస్పత్రే గనక మంచం గురించి బెంగలేదు. మంచి దుప్పట్లు నీకోసం దాచిపెడతాను. ఒప్పుకున్నానని ఒక్క ముక్క రాయి.

నీ చెల్లి
బెహిజా


నాబుల్,
14 నవంబరు

ఏమే బెహిజా,

నీ ఉత్తరం ఒక్కసారే చదివాను. రెండోసారి చదువుకునేంత అందంగా నువ్వేమీ రాయలేదు.

మాట పోతుందన్న సంగతి వీధిలో నేనే చెప్పాను. ఎవరో చెప్తే వినడం నాకు ఇష్టం లేదు. పక్కింటి సాల్హా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, ఏడవడానికి కాదు. ఈపాటికి కోడలితో కలిసి మిఠాయి వండుతూ ఉంటుంది. వండుకోనీ. నేను ఈ ఊరికి చెప్పాల్సినవన్నీ ఎప్పుడో చెప్పేశాను. ఇంకేమైనా మిగిలితే కాగితం మీద రాసి వాళ్ల తలుపులకి అంటిస్తాను. అరిచి చెప్పిందైతే మర్నాటికి మర్చిపోతారు, రాసిందైతే చింపుకోవాలి.

మెడలో రంధ్రం అన్నావు. పెట్టుకోమను. మొగుడు పోయినప్పటినించీ ఈ మెడ చూసేవాడు లేడు.

కానీ డాక్టరుని ఒక్క మాట అడుగు. నా ముక్కు సంగతేమిటి? నీకు వేరే చెప్పాలా? ఈ ఊళ్లో ఏ పెళ్లికూతురి పెట్టెలోకి నారింజ పూలనీళ్ల ఫష్కా సీసా వెళ్లాలన్నా ముందు నా గుమ్మం ఎక్కాలి. సీసా మూత తీసి అరచేతిలో రెండు చుక్కలు రుద్దుకుంటే చాలు. అది పూలు మరిగే బానలోంచి ఆవిరి చల్లారి మొదట దిగిన ఫష్కానా, తర్వాత దిగిన నీరసపుదా, నీళ్లు కలిపిందా, పూలలో ఆకు కలిపిందా, ఎవరి తోట పూలో కూడా చెప్తాను. నేను తల ఊపితే ఆ పిల్ల తల ఎత్తుకుని అత్తారింటికి వెళ్తుంది. నోరు పోతే తల ఊపుతాను. ముక్కు పోతే నేనెవరినే? మొగుడు లేని, పిల్లలు లేని ముసలి ముండని.

ముక్కుకి చీమ తలకాయంత నష్టం ఉన్నా నేను రాను. ఈ వసంతంలో పూలు వండి, ఆ వాసనలోనే పోతాను. అమ్మ పక్కన చోటుంది.

అసలు పూల కాలం అయ్యాక, ఏప్రిల్ చివర్లో వస్తానని కూడా అడిగి చూడు.

మన్నూబియా


ట్యూనిస్,
19 నవంబరు
(ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు)

అక్కా,

డాక్టరుని అడిగాను. "కత్తి ముక్కు దాకా రాదమ్మా" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. లేచి రాబోతుంటే కూచోబెట్టాడు. "కానీ ఊపిరి మెడలోంచి పోతుంటే ముక్కులోకి గాలెక్కడిది? గాలి లేనిదే వాసనెక్కడిది?" అన్నాడు. ఇన్నేళ్లుగా ఆ వార్డు దుప్పట్లు మడతపెడుతున్నాను, నాకెప్పుడూ తట్టలేదు.

అక్కడ సాదోక్ అని ఒక ముసలాయన ఉన్నాడు, మెడలో రంధ్రంతో. నిన్న నర్సు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయింది. పొంగి, మాడి, నడవా అంతా కంపు కొట్టింది. ఆయన ఆ పొయ్యి పక్కనే కూచుని పేపరు చదువుకుంటున్నాడు. నేను నువ్వు పంపిన ఫష్కాలోంచి కాఫీలో నాలుగు చుక్కలు వేసి తీసుకెళ్లి ఇచ్చాను. ఎలా ఉందని అడిగాను. పలక మీద రాశాడు: "వేడిగా ఉంది."

అదే అక్కా. నీ మిగిలిన బతుకంతా అదే. వేడిగా ఉంది, చల్లగా ఉంది.

ఏప్రిల్ దాకా ఆగుతానంటోందని చెప్పాను. ఏప్రిల్‌లో అయితే నన్ను కాదు, సమాధి తవ్వేవాణ్ణి అడగమన్నాడు. నీకు ఇదంతా చెప్పాలా, చెప్పి నిన్ను పూల మధ్య చావనివ్వాలా? నాకు అమ్మ మొహం గుర్తులేదు. నన్ను పెంచింది నువ్వు. పెంచావో, కొట్టావో, రెండూ ఒకేసారి చేశావు గనక విడదీసి చెప్పలేను.


ట్యూనిస్,
20 నవంబరు

అక్కా,

డాక్టరుని అడిగాను. ముక్కుకేమీ కాదట. కత్తి ఎక్కడో మెడ దగ్గర, ముక్కు ఎక్కడో పైన. నీ వాసన నీకుంటుందట. "ఏ వృత్తి ఆమెది?" అని అడిగాడు. చెప్తే నవ్వి, "అయితే మా ఆవిడకి ఒక ఫష్కా కొనాలి" అన్నాడు.

ఏప్రిల్ దాకా మాత్రం కుదరదన్నాడు. డిసెంబరు ఇరవైన చేస్తాడు. పూల కాలానికి నువ్వు ఇంట్లో, బాన ముందు ఉంటావు. ఈలోగా సిగరెట్లు మానెయ్యి, ఒళ్లు పెరిగేలా తిను. ఇంక సాకులు చెప్పకు.

బెహిజా


నాబుల్,
27 నవంబరు

బెహిజా,

చిన్నప్పుడు తేనె దొంగతనంగా తిన్నప్పుడు కూడా నువ్వు ఇలాగే పొట్టి పొట్టి మాటలు మాట్లాడేదానివి. "తినలేదు. చూడలేదు. పిల్లి." నీ ఉత్తరం నాకు అలాగే ఉంది. డాక్టరు భార్య ఫష్కా సంగతి ఎవరడిగారు నిన్ను?

అమ్మ సమాధి మీద ఒట్టు వెయ్యి. కాగితం మీద, నీ చేత్తో. అప్పుడొస్తాను.

ఈలోగా నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. సిగరెట్లు మానేశాను. కొట్టంలో దాచిన పెట్టె సాల్హాకి చూపించి మరీ మంటలో పడేశాను. ఆవిడ నోరు తెరిచింది, ఇరవై ఏళ్లలో ఒక్క వాసనా పట్టలేకపోయింది మరి. అలాంటి ముక్కులు అల్లా ఎందుకిస్తాడో. ఒళ్లు పెరగాలన్నావని పొద్దునా సాయంత్రం బసీసా పిండి ఆలివ్ నూనెతో కలుపుకుని తింటున్నాను. మింగుతుంటే గొంతులో ముల్లు గుచ్చుకుంటోంది. అయినా తింటున్నాను. నా గొంతు ఇప్పటికే మారిపోయింది. నిన్న సంతలో కూరలవాడితో బేరమాడుతుంటే వాడు "ఏమిటయ్యా" అన్నాడు నన్ను. మగాడనుకున్నాడు. ఆ గొంతుతోనే వాడి వంశాన్ని పైనుంచి కింద దాకా కడిగేశాను. ఇంకెన్నాళ్లో లేదు, వాడుకోనీ.

ఒట్టు వెయ్యి.

మన్నూబియా


ట్యూనిస్,
3 డిసెంబరు

అక్కా,

అమ్మ సమాధి మీద ఒట్టు, నీ ముక్కుకి ఏమీ కాదు. చాలా?

ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు చెయ్యి. పద్దెనిమిదో తారీఖు ఉదయం లువాజ్ టాక్సీ ఎక్కు. ముందు సీటు అడుగు, వెనక కూచుంటే నీకు తల తిరుగుతుంది. రెండు నైటీలు, ముందు బొత్తాలున్నవి, మెడ దగ్గర వదులుగా ఉన్నవి తెచ్చుకో. తలమీంచి తొడుక్కునేవి పనికిరావు. నగలు తేకు. పలక నేను కొన్నాను, రెండు కొన్నాను, ఎందుకంటే మొదటి దాన్ని నువ్వు ఎవరి నెత్తిమీదో పగలగొడతావు.

రక్తం కావాలన్నారు. ముల్దీ ఇచ్చాడు. సూది చూసి కళ్లు తిరిగి పడిపోయాడు, నర్సులు ముగ్గురు ఎత్తారు. లేచాక "మీ అక్క ఒంట్లోకి నా రక్తం వెళ్తే కాస్త మెత్తబడుతుందేమో" అన్నాడు. మా ఇద్దరికీ నవ్వాగలేదు. చాలా రోజులకి నవ్వాం.

ఆపరేషనయ్యాక రెండు వారాల దాకా ముక్కులో గొట్టం పెట్టి దానిలోంచి పాలు పోస్తారు. కంగారు పడకు. రంధ్రం దగ్గర కఫం వస్తుంది, ఎలా తుడవాలో నేను నేర్చుకున్నాను. సాదోక్ అనే ఒకాయన మీద చెయ్యి తిప్పుకున్నాను, పాపం బుద్ధిగా కూచున్నాడు. నీమీద ఎవరూ చెయ్యి వెయ్యక్కర్లేదు. నేనే ఉంటాను.

బెహిజా


నాబుల్,
12 డిసెంబరు

బెహిజా,

ఈ ఉత్తరం లువాజ్ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, పోస్టు మీద నాకు నమ్మకం లేదు. నేను వచ్చేలోపు నీకు అందాలి.

నువ్వు ఒట్టు వేశావు గనక నేను వస్తాను. కానీ నువ్వు నా కఫం తుడుస్తుంటే, నేను నోరు లేకుండా నీ మొహం చూస్తూ పడుకుంటే, ఈ మాట నాకు అడ్డంపడి ఊపిరి ఆడదు. అందుకని ఇప్పుడే చెప్పేస్తున్నాను. తర్వాత రాసే ధైర్యం ఉండదు.

ఖమీస్ సంగతి.

ఇరవై ఆరేళ్ల కిందట వాళ్లమ్మ దూజా అత్త వాడికి నిన్ను ఖాయం చేసుకోవడానికి వచ్చింది. వాకిట్లో ముప్పై మంది ఆడవాళ్లు. పళ్లెంలో చక్కెర, హెన్నా, మధ్యలో పూలనీళ్ల ఫష్కా. కుండలు చేసుకునే వాళ్లు, ఆ ఫష్కా ఒక్కటే వాళ్ల ఇంట్లో గర్వపడే వస్తువు. నేను మూత తీసి అరచేతిలో రుద్దుకుని, అందరికీ వినిపించేట్టు, "ఇది రెండో ఫష్కా. అందులోనూ సగం బావినీళ్లు. పెళ్లికి ముందే నీళ్లు కలిపేవాళ్లు పెళ్లయ్యాక పిల్లకి ఏం కలిపి పెడతారో" అన్నాను. ముప్పై మందీ నవ్వారు. దూజా అత్త పైమీది దుప్పటి సర్దుకుని, పళ్లెం ఎత్తుకుని వెళ్లిపోయింది. నువ్వు తలుపు వెనక ఉన్నావు.

అది మొదటి ఫష్కానే, బెహిజా. చుక్క నీళ్లు లేవు. నా జన్మలో అంత మంచి వాసన మళ్లీ చూడలేదు. అమ్మ చేసినదాని కంటే బాగుంది, నేను చేసినదాని కంటే చాలా బాగుంది.

ఎందుకన్నాను? నాకప్పుడు ముప్పై మూడేళ్లు. మొగుడు పోయి రెండేళ్లు. నువ్వు వెళ్లిపోతే బాన కింద మంట చూసేదెవరు, రాత్రి ఇంట్లో దగ్గేదెవరు అనుకున్నాను. అదొకటి. ఇంకొకటి, ఆ వాసన చూసి నాకు కడుపు మండిపోయింది. ఏది ఎక్కువో ఇన్నేళ్లు ఆలోచించినా తేలలేదు.

ఖమీస్ ఏడాది పాటు ఎవర్నీ చేసుకోలేదని నీకు తెలియదు. తెలియకుండా నేను చూశాను. ఇప్పుడు వాడి చిన్నకూతురు నజ్లా పెళ్లి మే నెలలోనట.

వార్డులోకి నాతో వస్తావో, దుప్పట్ల గదిలో తలుపేసుకుంటావో నీ ఇష్టం. నేను మాత్రం పద్దెనిమిదిన వస్తున్నాను.

మన్నూబియా


ట్యూనిస్,
14 డిసెంబరు
(ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు)

నీకు సిగ్గులేదు. ఈ ఒక్క మాటే రాసి పంపుదామనుకున్నాను.

ఆరేళ్లు ఆ ఇంటికి నన్ను చేసుకుంటామని అడగడానికి ఎవరూ రాలేదు. నీళ్లు కలిపిన సంబంధం అని నన్ను చూసి నవ్వేవారు. నేను దూజా అత్తని తిట్టుకున్నాను. రోజూ పడుకునేముందు తిట్టుకునేదాన్ని. ముల్దీ మంచివాడే. నా అదృష్టం కొద్దీ మంచివాడు, నీ దయవల్ల కాదు.

ఇప్పుడు నా చేతిలో ఒక మాట ఉంది. "నీ వాసన పోతుంది." రాసి డ్రైవరు చేతికిస్తే చాలు. నువ్వు రావు, పూలలో కూచుని చస్తావు, నిజం చెప్పినదాన్ని గనక నాకే పాపం అంటదు. రాయకపోతే నువ్వు బతుకుతావు. ప్రతి వసంతం ఆ బాన ముందు కూచుని, ఏమీ తెలియక బతుకుతావు. రెండూ నాకు పగ తీర్చుకున్నట్టే ఉన్నాయి. నిన్నటిదాకా ఇందులో ఒకటి ప్రేమ అనుకున్నాను. నువ్వు అది కూడా తీసేసుకున్నావు.


ట్యూనిస్,
15 డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం అందింది. పద్దెనిమిదిన రా. దిగే చోట నిలబడి ఉంటాను. కమలాపళ్లు మోసుకురాకు, తినడానికి కుదరదు.

బెహిజా


మూడో వార్డు,
2 జనవరి 1983

కింద దుప్పట్ల గదిలో ఉన్న బెహిజాకి,

పలక చాలడం లేదు, అందుకని కాగితం. నర్సు తెస్తుంది.

నిన్న నువ్వు కుట్లు తుడుస్తున్నంతసేపూ నీ మొహం చూశాను. ఖమీస్ గురించి నువ్వు ఒక్క మాటా అనలేదు. అనవే. నేను తిరిగి అనలేను, ఇంతకంటే మంచి సమయం నీకు రాదు.

ఇంకో సంగతి. ఆస్పత్రంటే కంపు కొడుతుందని అనుకున్నాను. ఇక్కడ ఏ వాసనా లేదు. పక్క మంచం ఆవిడ పక్క తడిపేసింది, అందరూ ముక్కు మూసుకున్నారు. నాకు తెలియలేదు. ఎందుకు?

మ.


కింద గది నుంచి, అదే రోజు

అక్కా,

ముక్కులో గొట్టం ఉంది కదా. లోపల వాచి ఉంటుంది. గొట్టం తీశాక నెమ్మదిగా వస్తుంది. నెలలు పడుతుందట. ఎక్కువ ఆలోచించక పాలు పోయించుకో.

ఖమీస్ గురించి అనడానికి నా దగ్గరేమీ లేదు. పని ఉంది.

బెహిజా


నాబుల్,
8 ఏప్రిల్ 1983

బెహిజా,

పూలు వచ్చాయి.

సంతలో ఒక వజ్నా పూలు తూకం వేయించి, బస్తా ఇంటికి తెచ్చి, వాకిట్లో తెల్లగుడ్డ పరిచి గుమ్మరించాను. ప్రతి ఏడూ చేసినట్టే మోకాళ్ల మీద కూచుని మొహం అందులో పెట్టాను. దూదిలో పెట్టినట్టుంది. ఇంకా లోపలికి తోశాను. చెవుల దాకా పూలు. ఏమీ లేదు. మెడలో రంధ్రం మాత్రం గురగురలాడుతూ గాలి పీలుస్తోంది. అప్పుడు అర్థమైందే నాకు. గాలి దాని దారిన అది పోతోంది, ముక్కు దండగకి అతికించినట్టుంది. ఇంత చిన్న సంగతి నాకు ముందే ఎందుకు తట్టలేదో. నీ ఒట్టు నమ్మాను గనక తట్టలేదు.

పలక తీసుకుని నీ పేరు రాసి, కింద నాకు తెలిసిన తిట్లన్నీ రాశాను. పలక నిండింది. తుడిచి మళ్లీ రాశాను. సాల్హా వచ్చి చదవబోయింది, చదువు రాదుగా, తల ఊపి వెళ్లిపోయింది.

అమ్మ సమాధి మీదే. దొంగ ఒట్టు. నీకు నాలుక ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మూడు రోజులు తలుపు తియ్యలేదు. తర్వాత పూలు వాడిపోతాయని లేచాను. బాన ఎక్కించాను. చేతులకి అలవాటే కదా. మొదటి ఫష్కా దిగింది. మంచిదో కాదో నాకు తెలియదు. నా ఇంట్లో, నా చేత్తో చేసి, నాకు తెలియదు.

పాత తప్పు కడుక్కుందామని ఉంది. నజ్లా పెళ్లిపెట్టెలోకి నా చేతి ఫష్కాలు రెండు, దూజా అత్త వాకిట్లో, ఆడవాళ్లందరి ముందూ ఇద్దామనుకుంటున్నాను. కానీ ఏ మొహం పెట్టుకుని ఇవ్వను, నాకే తెలియనప్పుడు? ఈ వీధిలో ఎవర్నైనా చూడమని అడిగితే, మన్నూబియా ముక్కు పోయిందని సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. అందుకని ఒక ఫష్కా డ్రైవరు చేతికిచ్చి నీకు పంపుతున్నాను. నీకు నేను నేర్పాను. అరచేతిలో రుద్దు, పది లెక్కపెట్టు, అప్పుడు చూడు. ఇవ్వొచ్చో లేదో ఒక్క ముక్క రాయి. నువ్వేది రాస్తే అది నమ్ముతాను. వేరే దారి లేదు నాకు.

మన్నూబియా


ట్యూనిస్,
11 ఏప్రిల్

అక్కా,

తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. తిట్టడానికి బతికున్నావు, నాకది చాలు. చెప్తే నువ్వు వచ్చేదానివి కాదు. ఇవాళ్టికి అమ్మ పక్కన ఉండేదానివి. అమ్మ సమాధి మీద దొంగ ఒట్టు వేసినందుకు నేను ఏమైపోయినా ఫరవాలేదు. కానీ ఇక మీదట నీకు ఒక్క అబద్ధం కూడా చెప్పను. ఈ ఒక్కటీ నమ్ము.

ఫష్కా తెరిచాను. అరచేతిలో రుద్దాను, పది లెక్కపెట్టాను. మొదటి ఫష్కానే అక్కా, అచ్చమైన మొదటి ఫష్కా. అమ్మ చేతి నీళ్లు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ముల్దీ పక్కగదిలోంచి "ఏమిటీ పరిమళం" అంటూ వచ్చాడు. నీ చేతులు ఏమీ మర్చిపోలేదు. నిశ్చింతగా నజ్లాకి ఇవ్వు. అందరి ముందూ ఇవ్వు.

బెహిజా


నాబుల్,
15 ఏప్రిల్

ఒసే బెహిజా,

ఆ ఫష్కా మాడిపోయింది.

నేనే మాడ్చాను. బానలో పోయాల్సిన నీళ్లు సగమే పోసి, మంట రెట్టింపు పెట్టాను. పూలు అడుగంటి బొగ్గయిపోయాయి. బాన వంచి కళ్లతో చూశాను, కళ్లు ఇంకా నావే. వజ్నా పూలు అలా తగలేసినందుకు అమ్మ నన్ను క్షమించదు, నిన్ను ఎలాగూ క్షమించదు. దిగిన నీళ్లు ఒక ఫష్కా నీకు పంపి, మిగిలింది సందులో కాలువలో పోశాను. సాల్హా కిటికీలోంచి తొంగి చూసి ముక్కు గట్టిగా నొక్కుకుంది. కట్టెల కొట్టంలో సిగరెట్టు పట్టలేని ఆ ముక్కుకే తెలిసింది. నీకు తెలియదా? నీకు అమ్మ గుర్తొచ్చిందా? నీకు అమ్మ మొహమే గుర్తులేదు కదే!

నీ ఉత్తరం రెండు రోజులు ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. నామీద జాలితో రాశావా? లేక ఆ కంపు ఫష్కా పట్టుకుని దూజా అత్త వాకిట్లో ముప్పై మంది ముందు నిలబడి, నీ పెళ్లి నేను చెడగొట్టిన చోటే నేనూ నవ్వులపాలవ్వాలని రాశావా? నాకు తేలలేదు. నీకు తేలిందా? తేలినా చెప్పకు, నమ్మను.

నిన్న పలక ఒక్కటే పట్టుకుని దూజా అత్త ఇంటికి వెళ్లాను. పెళ్లిపెట్టె సర్దుతున్నారు, వాకిలి నిండా ఆడవాళ్లే. "ఆ రోజు నీ నీళ్లు అచ్చమైనవి, నేను అబద్ధం చెప్పాను" అని రాసి చూపించాను. ముసలావిడకి చదువు రాదు. పెళ్లికూతురు నజ్లా పలక తీసుకుని చదివింది. ముసలావిడకి చెవుడు, మళ్లీ గట్టిగా చదవమంది. మూడోసారికి వీధిలోవాళ్లు కూడా విన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది. దూజా అత్త నా మెడ వంక చూసి, "నీకు గొంతు లేదు, నాకు చెవుల్లేవు. ఇప్పుడా వచ్చావు చెప్పడానికి?" అంది. కాఫీ ఇచ్చింది. అందులో వాళ్ల పూలనీళ్లు వేసే ఉంటుంది. వేడిగా ఉంది.

ఖమీస్ తలుపు దగ్గర నిలబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. నీ గురించి ఏమీ అడగలేదు. ఇది అబద్ధం కాదు, కావాలంటే వచ్చి కనుక్కో.

నజ్లా పెట్టెలోకి రెండు ఫష్కాలు ఇస్తానని పలక మీద రాసి ఇచ్చాను. వచ్చే వారం, శనివారం నాడు ఇంకో బస్తా పూలు వస్తున్నాయి. నువ్వు శుక్రవారం లువాజ్ ఎక్కు. ముందు సీటు అడుగు. నేను మంట చూసుకుంటాను, నువ్వు బాన మూతి దగ్గర కూచో. బాగుందో లేదో నోటితో చెప్పొద్దు, పలక మీద రాయొద్దు, తల కూడా ఊపొద్దు. మాడు వాసన తగిలితే ఎంత అబద్ధాలకోరు మొహమైనా ముడుచుకుంటుంది. నేను నీ మొహం చూస్తూ కూచుంటాను. ఇక నాకున్న ముక్కు అదే.

నీ ముక్కు తెచ్చుకో. నోరు ముల్దీ దగ్గర వదిలేసి రా.

మన్నూబియా